తడి రన్‌వే

ప్రాయా రేవులో జాలర్ల సంఘం హాలు.
గోడ మీద ఆరేసిన వల,
బల్ల మీద పొగలు కక్కే ఆక్టోపస్ పులుసు,
బయట ఫిబ్రవరి వాన అడ్డంగా కురుస్తోంది.
పిల్లల కోసమని మమ్మల్ని పిలిచింది బడి పంతులమ్మ.
వచ్చినవాళ్లలో సగం మంది తాతలే.

కెప్టెన్ జుల్మీరా టోపీ తీసి
చెంచాల బుట్టలో పడేసింది.
నేను ఆమె కుడిపక్క సీటువాణ్ణి.
కంపెనీ నేర్పిన జవాబులు
జేబులో మడిచి తెచ్చుకున్నాను.

మొదట లేచింది నేలియో, ముందు పళ్లు ఊడినవాడు:
"విమానానికి హారన్ ఉంటుందా?"
అంతా నవ్వారు. ఆమె నవ్వలేదు.
"ఉంది. ముందు చక్రం గూట్లో.
కానీ అది నేల మీద మనుషుల్ని పిలవడానికే,
కింద పనిచేసేవాళ్లని.
పైన, అడ్డం తప్పుకో అని ఎవరితో అంటాం?"

మీరిద్దరూ ఒకే కూర తినరటగా?
"తినం. ఒకరి కడుపు చెడితే
ఇంకొకరి చెయ్యి మిగలాలి.
నాకు కోడి, ఇతనికి చేప."
"పదకొండేళ్లుగా చేపే," అన్నాను.
జాలర్లు బల్ల గుద్ది మరీ నవ్వారు.

ఇంజన్లు రెండూ ఆగిపోతే?
ఆమె అరచేతిని చాచి
పులుసు గిన్నె మీదుగా మెల్లగా జార్చింది.
"రోజూ దిగేటప్పుడు అవి కునికిపాట్లే పడుతుంటాయి,
మీకు చెప్పం, అంతే.
ఆ ఎత్తు నుంచి ఊరికే జారినా
ఇక్కణ్ణుంచి ఫాయల్ దీవి దాకా పోతాం,
ఇంకా కాస్త మిగులుతుంది."
"మిగిలినదాంతో ఏం చేస్తారు?"
"ఆలోచిస్తాం."

బెర్నార్దీనో, డెబ్భై ఏళ్ల సముద్రం,
గొంతు సవరించుకున్నాడు:
"ఒడ్డు కనబడనప్పుడు దేన్ని నమ్ముతారు?"
"నా చెవిని మాత్రం నమ్మను.
మబ్బులో అది అబద్ధాలాడుతుంది,
తిరగకపోయినా తిరుగుతున్నావంటుంది.
ముందున్న గడియారాలని నమ్ముతాను."
"మా ఆవిడా అంతే, నా చెవుల్ని నమ్మొద్దంటుంది."

అప్పుడు తలుపు దగ్గర నించున్న దెయోలిందా,
గొడుగు ఇంకా మూయలేదు,
నీళ్లు కారుతున్నాయి.
"నవంబరులో లిస్బన్ ఆసుపత్రి నుంచి
మా ఆయన్ని మీ విమానంలోనే తెచ్చుకున్నాను.
నేను పద్నాలుగో వరసలో. ఆయన కింద.
మీకు తెలుస్తుందా అమ్మా,
కింద ఎవరున్నారో?"

చెంచాల చప్పుడు ఆగింది.
"తెలుస్తుంది," అంది జుల్మీరా.
"తలుపు మూసే ముందు కాగితమొకటి ఇస్తారు.
కుక్క ఉంటే కుక్క, మనిషి ఉంటే మనిషి.
ఏ అరలో, ఎన్ని కిలోలు.
పేరు ఉండదు."

ఎన్ని కిలోలని ఆవిడ అడగలేదు.
అడిగితే చెప్పగలను.

"దిగేటప్పుడు నేలకేసి కొట్టారు," అంది.
"పైనున్నవాళ్లం సరే, పట్టీలున్నాయి.
ఆయన్ని కుదిపేశారే అనుకున్నాను."

జేబులో కాగితం మీద ఈ ప్రశ్న లేదు.
"ఆ రోజు దింపింది నేను," అన్నాను.
"వాన. రన్‌వే మీద నీళ్లు.
దూదిలా దింపితే చక్రాలు నీళ్ల మీదే తేలిపోతాయి,
బ్రేకులు పట్టవు.
నేలని కరిచి పట్టుకోవాలి.
గట్టిగా దించడమే, అమ్మా,
ఆ పూట మేం చేయగల జాగ్రత్త."

ఆవిడ చాలాసేపు నా చేతులకేసి చూసింది.
"పడవని ఆయనా అంతే,
ఒడ్డుకేసి ఒక్క గుద్దు గుద్దేవాడు.
రంగంతా పోతోందని
నలభై ఏళ్లు తిట్టాను," అంది.
గొడుగు మూసింది.
ఎవరో జరిగి బెంచీ మీద చోటిచ్చారు,
ఎవరో గిన్నె నింపారు.

ఎవరికీ ఇంకేం అడగాలో తోచలేదు.
నేలియోకి తప్ప:
"ఆ హారన్ ఎలా మోగుతుంది?"

కెప్టెన్ జుల్మీరా, ఇరవై ఆరేళ్ల సర్వీసు,
రెండు చేతులూ నోటి దగ్గర దోసిలి పట్టి
బుగ్గలు పూరించి
నేల మీదున్న మా అందర్నీ
ఒక్కసారి గట్టిగా పిలిచింది.